క్యారవాన్ ఎన్ని అడుగులుండాలి, చెల్లీ?



ఈసారి ముచ్చట మా ఉరవకొండ చెల్లెలొకామె అడిగిన ప్రశ్న మీద. వాళ్ళాయన పంతులు ఉద్యోగం నుంచి ఈ ఏడే రిటైరవుతున్నాడు. పిల్లలు ఒకరు బెంగుళూరులో, ఒకరు అమెరికాలో. ఇల్లు బాడుగకిచ్చేసి, క్యారవాన్ ఒకటి కట్టించుకుని, ఇక అందులోనే ఉంటూ దేశమంతా తిరగాలని మొగుడూ పెళ్ళాల ఆశ. బస్సు ఛాసిస్ మీద పెద్దది కట్టిద్దామని ఆయన అంటాడు. అంతెందుకు నాన్నా, ఈకో వ్యాన్‌లో పరుపు వేసుకుంటే చాలదా అని కొడుకు అంటాడు. "ఇద్దరూ అడుగుల లెక్కే మాట్లాడుతున్నారక్కా. నాకేం కావాలో ఎవరూ అడగలేదు" అంది ఆ పిల్ల. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అందుకే ఈ సంగతి మీ అందరితో కూర్చుని మాట్లాడాలనిపించింది.

ముందు ఒక తేడా చూడాలి చెల్లీ. నాలుగు రోజులు గండికోటకో హంపికో పోయి రావడానికి ఏ బండైనా సరిపోతుంది. ఇరుకైనా సర్దుకుంటాం, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుంటాం. అదే ఇల్లయినప్పుడు లెక్క మారిపోతుంది. పొద్దుటి నుంచి వాన విడవని రోజు, నీకు నెలసరి వచ్చిన రోజు, ఆయనకు కడుపు చెడిన రోజు, ఇద్దరిలో ఒకరికి జ్వరం వచ్చి ఇంకొకరు జావ కాచాల్సిన రోజు. బండి సైజు తేలేది అలాంటి రోజుల్లోనే. బాగా గడిచే రోజును చూసి కొలిస్తే తప్పకుండా తక్కువ పడుతుంది.

మన తెలుగువాళ్ళకు బండిలో బతకడం కొత్తేమీ కాదు. 1982లో పార్టీ పెట్టాక ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్పించుకుని రాష్ట్రమంతా చుట్టేశారు. హరికృష్ణ తోలేవారు. రామారావు దాని మీదే ప్రసంగం, దాంట్లోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం. అంత పెద్ద మనిషి అంత చిన్న వ్యాన్‌లో నెలల తరబడి గడపగలిగారంటే కారణం ఉంది. ఆగిన ప్రతిచోటా అన్నం పెట్టేవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు వందలమంది ఉన్నారు. పైగా ఆయన మగమనిషి, ఆరుబయట స్నానం చేసినా చెల్లింది. నీకు, నాకు అది కుదరదు కదమ్మా. చిన్న బండి చాలు అనే మగవాళ్ళ మాటలో ఈ ఆరుబయలు లెక్క తెలియకుండానే కలిసిపోయి ఉంటుంది. దాన్ని బయటికి తీసి చూపించాల్సింది మనమే.

మన ఉరవకొండలో చేనేతవాళ్ళ ఇళ్ళు చూసే ఉంటారు. మగ్గం గుంత ఎక్కడో ముందు తేల్చుకుని, మిగిలిన చోట్లో వంట, పడక, పిల్లల చదువు సర్దుకుంటారు. మగ్గాన్ని రోజూ మడిచి మూలన పెట్టలేరు మరి. క్యారవాన్‌కూ అదే పద్ధతి. రోజూ మడిచి దాచలేనివి ఏవో ముందు రాసుకో. నా లెక్కలో అవి నాలుగు: నీళ్ళ ట్యాంకు, మరుగుదొడ్డి, పడక, నిలబడి వండుకునే చోటు. ఈ నాలుగూ కుదిరాక పడే పొడవే నీ బండి పొడవు.

నీళ్ళతో మొదలుపెడదాం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో పుట్టాం, నీళ్ళు కొలవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అని లెక్క కట్టింది. ఇద్దరికీ 110. బండిలో అంత వాడితే ట్యాంకు రెండు రోజులు కూడా రాదు. అందుకే బిందెల్లో లెక్క వేసుకో. బిందె సుమారు 15 లీటర్లు. స్నానానికి తలా ఒకటి, వంటకూ తాగడానికీ గిన్నెలకూ కలిపి ఒకటి, మిగతా వాడుకకు అర బిందె. బట్టలు బయట ఉతికిస్తే రోజుకు యాభై లీటర్ల పైచిలుకుతో గడుస్తుంది. మూడు రోజులు కొళాయి వెతుక్కోకుండా ఉండాలంటే 160 లీటర్ల ట్యాంకు కావాలి. అంటే 160 కిలోల బరువు. వాడిన నీళ్ళు పట్టే ట్యాంకు వేరే. ఈ రెండింటికీ చోటూ, బరువు మోసే సత్తువా బండికి ఉండాలి. ఈకో లాంటి దాంట్లో పరుపు పడుతుంది కానీ ఇంత నీళ్ళు, మరుగుదొడ్డి కలిపి పట్టవు.

రెండోది మరుగుదొడ్డి. దీని గురించి మొహమాటపడకండి చెల్లెళ్ళూ. రోడ్డు మీద బాత్రూముకు భయపడి పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా, గంటల తరబడి ఆపుకుని, మూత్రంలో మంటతో డాక్టరు దగ్గరికి పోయే ఆడవాళ్ళు మనలో ఎంతమందో. బండే ఇల్లయినప్పుడు ఆ బాధ రోజూ పడతామా? మూడడుగులకు మూడడుగులు, తలుపు వేసుకునే గది ఉండాల్సిందే. కింద డబ్బా విడిగా బయటికి లాగే రకం టాయిలెట్లు దొరుకుతున్నాయి. ఇరవై లీటర్ల డబ్బా ఇద్దరికి రెండు, మూడు రోజులు వస్తుంది. దాన్ని మామూలు మరుగుదొడ్డిలోనే పారబోయాలి, కాలువల్లో కాదు. అదే గదిలో స్నానం కూడా అయిపోతుంది.

మూడోది తల ఎత్తుకు నిలబడటం. కొడుకు చెప్పిన వ్యాన్‌లో కూర్చునే వండాలి. ఉప్మాకు ఫరవాలేదు. రాగిసంగటి మాటేమిటి? పిండి ఉడుకుతుండగా కట్టెతో రెండు చేతులా గెలకాలి. నడుము వంచి ఒక్కసారి గెలికి చూడు, వెన్ను చెబుతుంది. నెలకొకసారి అయితే సరే, ఏడాదంతా కాదు. పైకప్పు ఎత్తున్న బండి చూడు. వేడి ఆపడానికి రేకు లోపల పలకలు, పైన చెక్క వేస్తారు, అక్కడ రెండు మూడు అంగుళాలు పోతాయి. ఖాళీ బండి ఎత్తు చూసి సంబరపడకుండా, అన్నీ బిగించాక మిగిలే ఎత్తు కాగితం మీద రాయించుకో.

ఇక పడక. ఈ చెల్లెలికీ నాకూ ఇక్కడే పెద్ద చర్చ. పగలు సోఫా, రాత్రి పరుపు అయ్యే రకం పెడితే నాలుగడుగులు మిగులుతాయని ఆయన అన్నాడట. మిగులుతాయి, నిజమే. కానీ రోజూ రాత్రి పరిచేదెవరు, పొద్దున మడిచేదెవరు? ఒకరు ఆలస్యంగా లేస్తే ఇంకొకరు టీ తాగడానికి ఎక్కడ కూర్చోవాలి? అరవై దాటాక మధ్యాహ్నం ఓ గంట నడుము వాల్చే అలవాటు చాలామందికి వస్తుంది. కాబట్టి పడక కదలకుండా ఒకచోటే ఉండాలి.

ఇవన్నీ మాటల్లో తేలవని, ఒక సాయంత్రం వాళ్ళ మిద్దె మీదికెక్కి సుద్దముక్కతో బండి గీశాం. పెద్ద ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్‌లో డ్రైవరు సీట్ల వెనక మిగిలే చోటు పధ్నాలుగు అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు అనుకున్నాం. వెనక వైపు అడ్డంగా పడక గీస్తే ఆయన కాళ్ళు గీత దాటాయి. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. నిలువుగా తిప్పి ఆరున్నర అడుగులు గీశాం, పక్కన అడుగున్నర సందు మిగిలింది. మధ్యలో స్నానాలగది, దాని ఎదురుగా పొయ్యి. చెల్లి ఒట్టి గిన్నె పెట్టుకుని సంగటి గెలుకుతున్నట్టు నిలబడింది, ఆయన్ని స్నానాలగదికి నడిచి రమ్మన్నాను. ప్రతిసారీ ఆమె పొయ్యి వదిలి పక్కకు జరగాల్సి వచ్చింది. మరుగుతున్న గిన్నె దగ్గర అది ప్రమాదం. పొయ్యిని తలుపు దగ్గరికి జరిపి మళ్ళీ గీస్తే ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా తిరగగలిగారు. గాలీ ఆడుతుంది, తిరగమోత ఘాటు పరుపు దాకా పోదు. బండి ఒక్క అడుగు కూడా పెంచలేదు. అప్పటిదాకా బస్సే అంటున్న ఆయన సుద్ద గీతల మధ్య నిలబడి, "ఇది సరిపోయేట్టుందే" అన్నాడు.

మరి బస్సు ఎందుకు వద్దు? లోపల హాయి ఎక్కువే, కాదనను. కానీ పది, పన్నెండు మీటర్ల బండి పోలేని చోట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఉరవకొండ నుంచి 42వ నంబరు హైవే పట్టుకుంటే అనంతపురం, కదిరి మీదుగా మదనపల్లె పోతాం. ఎండల్లో అక్కణ్ణుంచి హార్స్‌లీ హిల్స్‌కి ఎక్కాలనిపిస్తుంది, 1,200 మీటర్ల పైన చల్లటి చోటు. ఆ ఘాట్ మలుపుల్లో పెద్ద బస్సు తిప్పడానికి చేయి తిరిగిన డ్రైవరు కావాలి. పల్లెలో చుట్టాలింటికి పోతే, బండి ఊరి బయటే ఆపి ఆటో ఎక్కాలి. అమెరికాలో ముప్పై అడుగుల బండ్లలో హాయిగా ఉంటున్నారని వాళ్ళ అమెరికా కూతురు వీడియోలు పంపిందట. అక్కడ చాలా క్యాంపు గ్రౌండుల్లో బండి పక్కనే కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం ఉంటాయి. కేరళ 2021లో క్యారవాన్ టూరిజం పాలసీ తెచ్చి క్యారవాన్ పార్కులకు దారి వేసింది కానీ, మన దగ్గర ఎక్కువ రోజులు పెట్రోలు బంకులోనో, సత్రం ఆవరణలోనో, తెలిసినవాళ్ళ కళ్ళంలోనో ఆపుకోవాల్సిందే. ఆ చోట్లకు ఇమిడే బండి కావాలి.

ఎండ మాట కూడా చెప్పాలి. మే నెలలో ఏసీ లేకుండా రేకు బండిలో ఉండలేమని భయం అందరికీ ఉంటుంది. టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్ల లోపే. రాత్రంతా నడవాలంటే అలాంటివి మూడు నాలుగు కావాలి, వాటిని నింపడానికి పైకప్పు నిండా సోలార్ పలకలు కావాలి. 500 వాట్ల పలక ఒక్కటే దాదాపు ఏడడుగుల పొడవుంటుంది. కాబట్టి లోపలి చోటు ఎంత ముఖ్యమో పైకప్పు కూడా అంతే. చిన్న బండి పైన రెండు పలకలు పట్టడమే కష్టం. ఎంత పెట్టినా, ఎండాకాలం మొదటి మందు నీడకూ చల్లటి ఊరికీ పోవడమే. చక్రాలున్న ఇంటికి ఆ సుఖం ఉంది, వాడుకోవాలి.

ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. ఆ బండి నువ్వు తోలగలవా? ఆయనకు దారిలో గుండెలో నొప్పి వస్తే, కళ్ళు మసకేస్తే, ఆసుపత్రికి తీసుకుపోయేది నువ్వే. మామూలు కారు లైసెన్సు, అంటే ఎల్ఎంవీ, 7,500 కిలోల లోపు బండ్లకు చెల్లుతుంది. ఆ లోపు బరువున్న రవాణా బండ్లను కూడా ఆ లైసెన్సుతో తోలవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ట్రావెలర్ లాంటివి ఈ లెక్కలో వస్తాయి, పెద్ద బస్సు రాదు. బండి నీ చేతికి కూడా రావాలంటే సైజుకు ఇక్కడే గీత పడుతుంది. నేర్చుకో చెల్లీ. హెవీ బండి కొని ఆయన మీదో, జీతం డ్రైవరు మీదో ఆధారపడితే, ఊళ్ళో ఇంట్లో ఉన్న స్వేచ్ఛ కూడా నీకు ఉండదు.

అందుకే ఇద్దరు మనుషులు ఏడాదంతా ఉండటానికి నా సలహా నడిమి సైజు. ఫోర్స్ ట్రావెలర్‌లో 3350, 4020 మిల్లీమీటర్ల వీల్‌బేస్ బండ్లున్నాయి. తిరుగుడు ఎక్కువ, సామాను తక్కువ అనుకుంటే మొదటిది. అదే ఇల్లనుకుంటే రెండోది, బండి మొత్తం పొడవు దాదాపు ఏడు మీటర్లు. మనవలు సెలవులకు వస్తారని ఇంకా పెద్దది కొనకండి, ఆ పది రోజులు బయట టెంటు వేసుకోవచ్చు. అత్తగారో అమ్మో శాశ్వతంగా వెంట ఉంటే మాత్రం కింద ఎత్తు తక్కువ పడక, ఎక్కడానికి మెట్టు, రాత్రి లేస్తే పట్టుకోవడానికి కమ్మీ ముందు చూసుకుని, తర్వాతే పొడవు సంగతి.

అడ్వాన్సు ఇచ్చేముందు మూడు పనులు చెయ్యండి. అలాంటి బండే బాడుగకు తీసుకుని వారం రోజులు, అందులో ఒక వానరోజో ఎండరోజో పడేట్టు, ఉండి చూడండి. మార్పులన్నీ ఆర్టీఓ అనుమతితో, ఆర్సీలో ఎక్కించే కట్టేవాళ్ళ దగ్గరే చేయించండి. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పును ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా కూడా పేచీ పెడుతుంది. తయారయ్యాక ట్యాంకు నింపి, సామానంతా సర్ది, వేబ్రిడ్జి మీద తూయించండి. ఆర్సీలో రాసిన బరువు దాటితే బ్రేకులు నిలవడం కష్టం.

ఆ చెల్లెలు ఇప్పుడు కొలతల కాగితం తనే రాస్తోంది. డ్రైవింగ్ స్కూల్లో కూడా పేరు రాయించుకుంది. మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే, ఈ ఆదివారమే మిద్దె మీద సుద్దముక్కతో గీసి, ఇద్దరూ ఓ పూట అందులో తిరిగి చూడండి. ఎక్కడ ఇరుకైందో, ఎక్కడ తగవు వచ్చిందో నాకు రాయండి. వచ్చే ముచ్చట్లలో మాట్లాడుకుందాం.

మీ అక్క