తదీయారాధన - వంటశాల నిర్మాణము

చల్లపల్లి నుండి ఘంటసాల మీదుగా కృష్ణ యొడ్డునకు పోయినచో శ్రీకాకుళము వచ్చును. అచట వేంచేసియున్న ఆంధ్ర మహావిష్ణువును సేవించు భక్తులు పెక్కుమంది కలరు గాని, ఆ సన్నిధికిని అన్నదానమునకును గల సంబంధమును తలచువారు కొందరే. 16వ శతాబ్దిలో కళింగముపై దండు వెడలిన శ్రీకృష్ణదేవరాయలు ఈ క్షేత్రమున హరివాసరము నాడు ఉపవసించెననియు, రాత్రి నాలుగవ జామున స్వామి కలలో సాక్షాత్కరించి గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెననియు ఆముక్తమాల్యద అవతారికలో ఉన్నది. ఉపవాసదినమున కలిగిన సంకల్పముచే వెలసిన ఆ గ్రంథము, మొదటి ఆశ్వాసముననే పాఠకునికి విస్తరి వేయుట విశేషము.

గోదాదేవి తండ్రియైన విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున బాటసారులైన వైష్ణవులకు అన్నము పెట్టు తీరును రాయలు ఋతువుల వారీగా వర్ణించెను. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, చెఱకురసము, లేత కొబ్బరినీళ్ళు, మజ్జిగ. చలికాలమున మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు నదరగొట్టు ఆవపచ్చళ్ళు, చేతికి చుఱుక్కుమను నెయ్యి. ముసురుపట్టిన దినములలోనో, కొబ్బరిచిప్పల మంటపై వండిన అన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. ఈ కొబ్బరిచిప్పల దగ్గర మనము కొంత నిలువవలెను. వానలో కట్టెలు తడియును. తడిసిన కట్టె పొగయును గాని మండదు. ఊరివారి పొయ్యిలన్నియు చల్లారు దినమున తన పొయ్యి వెలుగవలెనని ఎండకాలముననే చిప్పలు ఏఱి దాచిన గృహస్థు విష్ణుచిత్తుడు. వరుగులు, వడియములు కూడ ఎండలలో చేసి ఉంచుకొన్నవే గదా.

నేడు కదలలేని వృద్ధులకు, పిల్లలు దూరదేశములకు పోగా ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులకు, రోగులకు, బడిపిల్లలకు అన్నము వండి చేరవేయు ధర్మసంస్థలు పలుచోట్ల పనిచేయుచున్నవి. అద్దె రేకుల పాకలో పది క్యారియర్లతో మొదలైన పని క్రమముగా పెరుగును. సొంత భవనము కట్టవలెనను తలంపు కలుగును. దాతలును ముందుకు వత్తురు. ఇదియే అట్టి సంస్థకు పరీక్షాకాలము. అన్నమునకు ఇచ్చిన పైకము తెలియకయే సిమెంటునకు మఱలును. కార్యకర్తల మనస్సు విస్తరిపై నుండి శ్లాబుపైకి ఎక్కును. భవననిధి, అన్ననిధి అను రెండు ఖాతాలను మొదటి దినముననే వేఱుచేసి, ఒకదాని నుండి మఱియొకదానికి చేబదులు సైతము తీయరాదని నియమము పెట్టుకొనుట మేలు. తిరుమలలో అన్నదానమునకై వచ్చిన విరాళములను బ్యాంకులలో నిలువయుంచి, వాని వడ్డీని అన్నమునకు వినియోగించు పద్ధతి మనకు తెలిసినదే.

తిరుమల వృత్తాంతము మఱియొక విధముగను ఉపకరించును. 18వ శతాబ్దిలోనే ఆ కొండపై భక్తురాలు తరిగొండ వెంగమాంబ అన్నదానము నడపెను. దేవస్థానము వారి నిత్యాన్నదానము 1985 ఏప్రిల్ 6వ తేదీన, దినమునకు రెండు వేల మందితో ఆరంభమైనది. నాడు దానిని ప్రారంభించిన ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు ఈ కృష్ణాజిల్లా నిమ్మకూరు వారే. నాలుగు పెద్ద భోజనశాలలతో, ఒక్కొక్క శాలలో వేయిమంది కూర్చుండునట్లు కట్టిన వెంగమాంబ భవనము 2011లో గాని ప్రారంభము కాలేదు. అనగా భవనమునకు ముందు ఇరువదియాఱేండ్లు అన్నము నడచినది. అంత పెద్ద భవనము ఉన్నను, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో దర్శనమునకై వేచియున్న వారికి ప్రసాదమును వారున్న చోటికే తీసికొనిపోయి పెట్టుచున్నారు. వరుస విడిచి రాలేని వానికి భోజనశాల ఎంత విశాలమైనను ప్రయోజనమేమి?

కావున అన్నము చేరవేయు సంస్థ కట్టవలసినది భోజనశాల కాదు, వంటశాల. ఇది నా దృఢాభిప్రాయము. పాలరాతిపై దాతల పేర్లు చెక్కిన విశాలమైన హాలు ముందు నిలిచి, వెనుక పొగచూరిన ఇఱుకుగదిలో వంటవారు చెమటోడ్చు కట్టడములను మనము చూచియే ఉన్నాము. దేవాలయమున ఆగ్నేయదిక్కున పాకశాలకు స్థానము నిర్ణయించిన పెద్దలు దానిని మిగిలిన చోటున ఇఱికింపలేదు.

మహాభారతమున సూర్యుడు ధర్మరాజునకిచ్చిన అక్షయపాత్ర పేరు పెట్టుకొని 2000లో బెంగుళూరున మొదలైన సంస్థ, బడిపిల్లలకు అన్నము పంపుటకై కట్టిన వంటశాలలలో కొన్నిటి అమరిక చూడదగినది. బియ్యము, పప్పు పై అంతస్తునకు ఎక్కించి నిలువచేయుదురు. అచట నుండి అవి తమ బరువు చేతనే క్రిందికి దిగుచుండగా నడుమ కడుగుట, తరుగుట, ఆ దిగువ ఆవిరితో ఉడికించుట జరుగును. నేలపైకి వచ్చుసరికి అన్నము స్టీలు పాత్రలలో నిండి బండి ఎక్కును. బస్తా మోయు మనిషి, వేడిగుండిగ మోయు మనిషి ఒకరికొకరు ఎదురుపడరు. 2022లో మంగళగిరి దగ్గఱ ఆత్మకూరునను ఈ సంస్థ వంటశాల ప్రారంభమైనది. చిన్న సంస్థకు ఇన్ని అంతస్తులు అక్కఱలేదు. సామాను వచ్చు వాకిలియు, అన్నము వెడలు వాకిలియు వేఱుగా ఉన్నచో చాలును. వండిన అన్నము అఱువది డిగ్రీల వేడికి తగ్గకుండ చేరవలెను. ఆ వేడి తగ్గి గంటల తరబడి నిలువయున్నచో అందు చెఱుపు చేయు సూక్ష్మక్రిములు పెరుగును. కావున కట్టబోవు చోటు నిర్ణయించుటకు ముందు, కడపటి క్యారియరు చేరవలసిన ఇల్లు ఎంత దూరమో సైకిలుపై పోయి చూచుకొనుట, స్థలము చౌకగా వచ్చెనని ఊరి వెలుపల కట్టుకొనుట కంటె శ్రేయస్కరము.

ఈ సీమలో కట్టువారికి వేఱొక చింత కూడ కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేల ప్రాణములు పోయినవి. మిగిలినవారికి గింజ లేదు, ఎండిన కట్టె లేదు, ఉప్పు కలియని నీరు లేదు. హెలికాప్టర్ల నుండి పొట్లములు జారవిడువవలసి వచ్చెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు డ్రోన్లతో సైతము ఆహారపు పొట్లములు అందించిరి. ఎగురు యంత్రము మాఱెను గాని, ఎక్కడనో ఒకచోట పొయ్యి వెలుగుచుండుట వలననే ఆ పొట్లములు సిద్ధమైనవి. డెల్టా నల్లమన్ను వానకు ఉబ్బి ఎండకు నెఱ్ఱెలు వారును. పునాది దానికి తగినట్లు ఉండవలెను. అరుగు వరదమట్టము కంటె ఎత్తుగా, బియ్యపుగది అంతకంటె ఎత్తుగా, మంచినీటి తొట్టి మేడమీద ఉండవలెను. గ్యాసుబండి వారము రోజులు రాకున్నను వండగలుగునట్లు కట్టెలకో, కొబ్బరిచిప్పలకో ఒక పొడిగది ఉండవలెను. ఇంజనీరు దానిని వృథా అనవచ్చును. విష్ణుచిత్తుడు అనడు.

గోదావరి సీమలో లంకల గన్నవరమునకు చెందిన డొక్కా సీతమ్మగారు (1841-1909) అన్నదానమునకై వేఱుగా భవనము కట్టలేదు. ఆమె ఇల్లే సత్రము. అంతర్వేది నృసింహస్వామి దర్శనమునకు పోవుచు, దారిలో ఆకలిగొన్న పెండ్లివారు తన ఇంటికే అన్నమునకు పోవుచున్నారని విని, యాత్ర మాని వెనుకకు మరలెనని చెప్పుదురు. అచట వైనతేయపాయపై కాలువను దాటించు అక్విడక్టుకు నేడు ఆమె పేరు ఉన్నది.

అందుచే కట్టుచున్న నెలలలో పాత పాకలోని పొయ్యిని ఆర్పరాదు. కొత్త పొయ్యిపై పదిదినములు వండి చూచి, అన్నము సరియైన వేళకు చేరుచున్నదని తెలిసిన పిమ్మటనే పాతదానిని విడువవలెను. ప్రవేశముహూర్తము పదకొండు గంటలకు పెట్టుట, పెద్దలను పిలుచుట, ఉపన్యాసములు చేయుట వాడుక. ఆ వేళ క్యారియర్లు బయలుదేరు వేళ. మంచముపై ఉన్న ముసలమ్మకు ఆనాడు సభ జరుగుచున్నదని తెలియదు. ముహూర్తమును తెల్లవాఱుజామునకు జరుపుకొని, పాలు పొంగించి, స్వామికి నివేదన చేసి, బండ్లు వెడలిన తరువాత సభ పెట్టుకొనవచ్చును.