నేలబొగ్గు – సూర్యకాంతి

ఖమ్మము సీమలో ఒక జనశ్రుతి కలదు. భద్రాద్రి రాముని దర్శింపబోవు యాత్రికులు కొందరు ఇల్లందు ప్రాంతమున చెట్టునీడ విడిది చేసిరట. వంటకై చుట్టుపట్ల దొరకిన నల్లని రాళ్ళు మూడింటిని పొయ్యిగా నిలిపి పుల్లలు అంటించిరట. పుల్లలు కాలి బూడిదయైన పిదపను మంట ఆరలేదు. చూడగా పొయ్యిరాళ్ళే మండుచుండెనట! ఇది జనుల నోట నిలిచిన కథ. చరిత్రలో నిలిచిన విషయమిది: 1871వ సంవత్సరమున భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతముననే నేలబొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ప్రారంభమయ్యెను. సమీపమున నున్న సింగరేణి గ్రామము పేరే ఆ గనులకు స్థిరపడెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను.

నేలబొగ్గు రాయివలె కనబడును గాని, నిజమునకది ప్రాచీన వృక్షసంపద. సుమారు 25 కోట్ల యేండ్లకు పూర్వము చిత్తడి నేలలలో పెరిగిన చెట్లు కూలి, బురదలో కప్పబడి, పై పొరల బరువునకును భూగర్భపు వేడిమికిని లోనై క్రమముగా బొగ్గుగా మారినవి. ఆ చెట్లు సూర్యకాంతి బలముననే పెరిగినవి. కావున బొగ్గు మండునపుడు వెలువడు వేడిమి ఆనాడు చెట్లలో దాగిన సూర్యుని వేడిమియే. కోట్ల యేండ్లు కూడిన ఆ నిధిని మానవుడు రెండు మూడు శతాబ్దములలో వెచ్చించుచున్నాడు.

ఆ నిధి మనకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. పొగబండ్లను నడిపినది బొగ్గు. నేడు రామగుండము, కొత్తగూడెము, విజయవాడ మున్నగు చోట్ల నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో యంత్రములను త్రిప్పి, విద్యుత్తును పుట్టించుచున్నదియు బొగ్గే. దాని వెనుక నున్న మనుష్యులను మరువరాదు. తలపై దీపము ధరించి, సూర్యుడు కానరాని గనులలో తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కార్మికుల చెమటయే మన యింటి దీపమై వెలిగినది. నేటికిని నలుబదివేలకు చేరువగా కార్మికులు సింగరేణిలో పనిచేయుచున్నారు.

విద్యార్థులారా! ఒక దేశమునకు అన్నము వలెనే ఇంధనమును ముఖ్యము. పొలములో పంపు తిరుగుటకు, ఆసుపత్రిలో శస్త్రచికిత్స నిరాటంకముగా సాగుటకు, రాత్రి మీరు చదువుకొనుటకు ఇంధనము కావలెను. అది కోరినపుడు దొరకవలెను, పేదవానికిని అందు వెలలో దొరకవలెను, నడుమ ఆగిపోకుండవలెను. దీనినే ఇంధన భద్రత యందురు.

ఇతరులపై ఆధారపడినచో ఈ భద్రత యెట్లు చెదరునో 1973వ సంవత్సరము లోకమునకు నేర్పెను. ఆ యేడు అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము చెలరేగగా అరబ్బు దేశములు చమురు సరఫరాను తగ్గించినవి. బ్యారెలు సుమారు 3 డాలర్లుండిన చమురు కొద్ది నెలలలో 12 డాలర్లకు చేరువయ్యెను. యుద్ధమున పాల్గొనని దేశములలో సైతము ధరలు మండినవి. మన దేశము నేటికిని తనకు కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశముల నుండియే కొనుచున్నది.

స్వదేశపు సంపదయైనను ఒక్కదానినే నమ్ముట ప్రమాదమే. కృష్ణా గోదావరి తీరమున, సముద్రగర్భములో సహజవాయువు దొరకినదని విని తెలుగువారు సంతసించిరి. 2009 ఏప్రిల్‌లో ఆ వాయువు వెలికి వచ్చెను. దానిపై ఆశతో రాజమండ్రి, కాకినాడ, విజయవాడ ప్రాంతములలో గొప్ప విద్యుత్కేంద్రములు నిర్మింపబడినవి. కాని బావుల దిగుబడి అనుకొన్నట్లు నిలువలేదు. 2013 మార్చి నాటికి ఆ క్షేత్రము నుండి విద్యుత్కేంద్రములకు వాయువు రాక నిలిచిపోయెను. కోట్ల రూపాయల యంత్రములు పనిలేక నిలుచుండెను. జలవిద్యుత్తు సంగతియు నిట్టిదే. శ్రీశైలము, నాగార్జునసాగరము పొగలేని విద్యుత్తు నిచ్చును. కాని కృష్ణకు వరద రాని యేట అచ్చటి యంత్రములును మౌనము వహించును.

బొగ్గు మన నేలలోనే యున్నది, కొరతయు తక్కువ. అట్లయిన దానినే యేల నమ్ముకొనరాదని మీరడుగవచ్చును. దీనికి ప్రత్యుత్తరము గాలిలో నున్నది. బొగ్గులోని కర్బనము మండునపుడు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువగును. 12 కిలోల కర్బనము 32 కిలోల ప్రాణవాయువుతో కూడి 44 కిలోల బొగ్గుపులుసు వాయువును పుట్టించును. బొగ్గు కాలి పోయినదని మన మనుకొందుము; నిజమునకు దాని కంటె బరువైన వాయువు ఆకాశమునకు చేరినది. ఈ వాయువు సూర్యకాంతిని లోనికి రానిచ్చును గాని, భూమి వెలువరించు వేడిమిని సులభముగా పోనీయదు. దుప్పటివలె కప్పి యుంచును.

యంత్రయుగమునకు పూర్వము గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళుగా నుండిన ఈ వాయువు, 1958లో చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపములోని మౌనా లోవా కొండపై కొలత మొదలిడు నాటికి సుమారు 315 పాళ్ళయ్యెను. నేడది 420 పాళ్ళను దాటినది. 2024వ సంవత్సరమున భూమి సగటు వేడిమి యంత్రయుగపు పూర్వస్థితి కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు హెచ్చుగా నుండెను.

ఒకటిన్నర డిగ్రీ యెంత అని తేలికగా తలంపరాదు. సగటు కొంచెము పెరిగినను వడగాడ్పుల తీవ్రత మిక్కుటమగును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశమున రెండు వేల మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. ఎండలో పనిచేయక పూటగడవని కూలీలు, వృద్ధులు ఇట్టి యెండలకు మొదట బలియగుదురు. ఎండ పెరిగినకొలది పంకాలు, శీతలయంత్రములు ఎక్కువ తిరుగును; వానికై మరింత బొగ్గు కాలును; దానివలన వేడిమి మరింత పెరుగును. ఈ చక్రమును ఆపుటయే నేటి సమస్య.

మార్గము లేకపోలేదు. కర్నూలు సీమలో గని, శకునాల గ్రామముల చెంత 2017లో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. అనంతపురము సీమలో రామగిరి కొండలపై గాలిమరలు తిరుగుచున్నవి. రామగుండములో బొగ్గు విద్యుత్కేంద్రపు జలాశయముపై 2022లో 100 మెగావాట్ల సౌరఫలకములు తేలుచు విద్యుత్తు నిచ్చుట కారంభించినవి. పొగగొట్టములును సూర్యఫలకములును అచ్చట ఒకే నీటిలో నీడలు చూచుకొనుచున్నవి.

అయినను సూర్యుడు రాత్రి వెలుగడు. గాలి మన యాజ్ఞకు లోబడదు. 2025 నాటికి మన దేశపు విద్యుత్కేంద్రముల సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, వాయువులు కానివానికి చెందినది. కాని యేడాదిలో పుట్టు విద్యుత్తులో అధికభాగము బొగ్గుదే. ఏలయన బొగ్గు కేంద్రము రేయింబవళ్ళు పనిచేయగలదు. కావున పగటి విద్యుత్తును రాత్రికి దాచు ఉపాయము కావలెను. నాగార్జునసాగరములోను, శ్రీశైలము ఎడమగట్టునను గల కొన్ని యంత్రములు ఇట్టి పని చేయగలవు. విద్యుత్తు మిగిలినపుడు క్రింది నీటిని పైకి తోడును. అవసరమైనపుడు ఆ నీటిని క్రిందికి వదలి విద్యుత్తు పుట్టించును. నాలుగు యూనిట్లు వెచ్చించిన రమారమి మూడు తిరిగి వచ్చును. కొంత నష్టమున్నను, ధాన్యమును గాదెలో దాచుటవంటిది ఈ పద్ధతి.

మరొక ధర్మసంకటము కలదు. గనులపై ఆధారపడి కొత్తగూడెము, మందమర్రి, గోదావరిఖని వంటి పట్టణములు పెరిగినవి. బొగ్గు తగ్గిన నాడు ఆ కుటుంబములు వీధిన పడరాదు. 2070 నాటికి తాను వెలువరించు నికర కర్బనమును సున్నకు తెత్తునని మన దేశము 2021లో గ్లాస్గో సభలో ప్రకటించినది. ఆలోగా గని కార్మికుని బిడ్డకు క్రొత్త విద్యలును, క్రొత్త పనులును చూపవలెను. దేశమునకు వెలుగు నిచ్చినవారిని చీకటిలో విడుచుట న్యాయము కాదు.

బాలురమైన మేమేమి చేయగలమని వెనుదీయకుడు. ఒక లెక్క వేసి చూడుడు. 60 వాట్ల పాతకాలపు బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన యేడాదికి సుమారు 110 యూనిట్లు ఖర్చగును. దాని స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టిన 16 యూనిట్లు చాలును. ఆదా యగునవి 90 యూనిట్లకు పైమాట. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలునని యెంచిన, ఒక్క దీపము మార్చినందున 60 కిలోలకు మించిన బొగ్గు భూమిలోనే మిగులును. ఎవరును లేని గదిలో తిరుగు పంకాను ఆపుట పిసినితనము కాదు. అది గనిలో దిగిన కార్మికుని శ్రమను గౌరవించుట, ముందు తరములవారి గాలిని కాపాడుట. పెద్దలు కూడబెట్టిన ఆస్తిని అనుభవించు వారసుడు దానిని పెంపకపోయినను తరుగనీయరాదు. ఈ భూమియు మనకట్టి ఆస్తియే.

అభ్యాసము

1. నేలబొగ్గులో సూర్యుని వేడిమి దాగియున్నదని యేల చెప్పుదురు?
2. కృష్ణా గోదావరి తీరపు సహజవాయువు కథ వలన మనము నేర్వదగిన నీతి యేమి?
3. విద్యుత్కేంద్రముల సామర్థ్యమునకును, అవి పుట్టించు విద్యుత్తునకును గల భేదమును వివరింపుము.
4. మీ యింటిలోని దీపములు, పంకాలు నెలకు ఎన్ని యూనిట్లు వాడునో లెక్కించి, ఆదా చేయు మార్గములను వ్రాయుము.