దూడ క్యూట్ - మరి తొండ?



మా వడ్డాదిలో ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడు ఇంగ్లీషు నోటుబుక్కులో రెండు వాక్యాలు రాసి నాకు చూపించాడు. ‘ది కాఫ్ ఈజ్ క్యూట్’ అన్నది మొదటిది. లేగదూడ ముద్దుగా ఉంది అని అర్థం. ‘ది లిజర్డ్ ఈజ్ నాట్ క్యూట్’ అన్నది రెండోది. తప్పేమీ లేదు గనుక టిక్కు పెట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రమే వాడూ, వాడి జట్టువాళ్లూ ఏటిగట్టున ఒక తొండను రాళ్లతో కొడుతూ కనిపించారు. నేను వెళ్లేసరికే అది చచ్చిపోయింది. “ఎందుకురా కొట్టారు?” అని అడిగితే, “చూడ్డానికి అసహ్యంగా ఉంది మాస్టారూ!” అన్నాడు.

వాడు మాట నేర్చుకున్నాడు. ఆ మాట దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవలేదో నేను చెప్పలేదు. ఆ పాఠమే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సూదికి చుట్టం

క్యూట్ అనే మాటకు తల్లి ‘ఎక్యూట్’. అంటే పదునైనది. లాటిన్ భాషలో సూదిని ‘ఆకుస్’ అంటారు. ఈ మాట దానికి చుట్టమే. రేఖాగణితంలో 90 డిగ్రీల కంటే చిన్న కోణాన్ని లఘుకోణం అంటాం కదా! ఇంగ్లీషులో అది ‘ఎక్యూట్ యాంగిల్’. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువారు ఎక్యూట్‌కు మొదటి అక్షరం ఊడగొట్టి క్యూట్ అన్నారు. అప్పుడు దాని అర్థం ‘చురుకైన, తెలివైన’. 19వ శతాబ్దంలో అమెరికాలో దానికి ‘ముద్దొచ్చే’ అనే అర్థం వచ్చింది. పాత అర్థం పూర్తిగా పోలేదు. ఎవరైనా మీతో ‘డోంట్ గెట్ క్యూట్’ అంటే పొంగిపోకండి. నా దగ్గర అతితెలివి చూపించకు అని వారి భావం!

ఎక్కడ వాడాలి?

క్యూట్ అంటే అందమైన అని కాదు. పురి విప్పిన నెమలి అందమైనది. దాన్ని ‘బ్యూటిఫుల్’ అనాలి. నెమలిపిల్ల క్యూట్. కొండను గాని, నిండుగా పారే ఏటిని గాని క్యూట్ అనకూడదు. పెద్దవారు కష్టపడి చేసిన పనిని క్యూట్ అంటే వారిని పసిపిల్లల కింద జమకట్టినట్టు ఉంటుంది. చిన్నదనం, పసితనం ఉన్నచోటే ఈ మాట ఇముడుతుంది. మన ‘ముద్దు’ కూడా ఇంచుమించు అంతే.

ముద్దుకు కొలతలు

పసితనమే ఎందుకు ముద్దొస్తుంది? ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ 1943లో దీనికి ఒక సమాధానం చెప్పాడు. జంతువుల ప్రవర్తనపై చేసిన కృషికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. ఒంటికి మించిన తల, ఎత్తైన నుదురు, ముఖంలో కాస్త కిందికి ఉన్న పెద్ద కళ్లు, బూరె బుగ్గలు, పొట్టి కాళ్లు చేతులు, తడబడే నడక - వీటిని చూడగానే మనలో సాకాలనే కోరిక పుడుతుందని ఆయన అన్నాడు.

మనిషి బిడ్డను గమనించండి. పుట్టినప్పుడు తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యేసరికి ఏడెనిమిదో వంతుకు తగ్గుతుంది. అంత తల మోసుకొచ్చిన బిడ్డ తనంతట తాను తినలేడు, నడవలేడు. ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఎత్తుకోవాలనిపించే రూపమే వాడికి రక్ష. కుక్కపిల్ల, లేగదూడ ముఖాల్లోనూ ఇదే రూపం కొంత కనిపిస్తుంది. అందుకే వాటిని చూసినా మన మనసు కరుగుతుంది.

‘కాకిపిల్ల కాకికి ముద్దు’ అన్నారు మన పెద్దలు. గుడ్డులోంచి వచ్చిన కాకిపిల్లకు ఈకలుండవు, కళ్లు తెరుచుకోవు. మనకు ముద్దురాదు. కాని అది నోరు తెరిస్తే చాలు, తల్లి మేత తెచ్చి పెడుతుంది. ఆ గూట్లో కోయిల గుడ్డు పెట్టిపోతే, ఆ పిల్ల తెరిచిన నోటికీ కాకే మేత పెడుతుంది! చూశారా! ముద్దు అనేది పిల్లలో ఎంత ఉందో, చూసేవారి మెదడులోనూ అంత ఉంది.

మరి తొండ?

తొండకు బూరె బుగ్గలు లేవు, ఎత్తైన నుదురు లేదు. మన మెదడు దాన్ని ‘సాకు’ అనదు. అంతమాత్రాన ‘చంపు’ అని కూడా అనలేదు కదా! ఆ తొండ రోజంతా పురుగులను తింటుంది. గుడ్లగూబను అపశకునమంటారు, చెరకుతోటలను పాడుచేసే ఎలుకలను అది వేటాడుతుంది. విషంలేని జెర్రిపోతు కూడా అంతే.

ముద్దుగా ఉన్నవాటికైనా సుఖముందా అంటే అదీ లేదు. మన దక్షిణాది అడవుల్లో దేవాంగపిల్లి అనే చిన్న ప్రాణి ఉంది. రాత్రి చీకట్లో పురుగులను పట్టడానికి దానికి అంత పెద్ద కళ్లు. ఆ కళ్లు చూసి ముచ్చటపడి పెంచుకోవడానికి పట్టేవారున్నారు. మందులకని, మంత్రాలకని పట్టేవారూ ఉన్నారు. చట్టం దాన్ని పట్టడాన్ని నిషేధించింది.

కనుక క్యూట్ అనే మాట చూసేవారికి కలిగిన మురిపాన్ని చెబుతుందే గాని, ఆ ప్రాణి విలువను చెప్పదు.

చేసి చూడండి

1. ఒకే కొలత గల రెండు వృత్తాలు గీయండి. మొదటిదానిలో మధ్యగీతకు పైన చిన్న కళ్లు, రెండోదానిలో మధ్యగీతకు కింద పెద్ద కళ్లు పెట్టండి. ఏది క్యూట్‌గా ఉందో పదిమందిని అడిగి లెక్క రాయండి.

2. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, అమ్మ సాయంతో తల పొడవును, ఒంటి పొడవును దారంతో కొలవండి. మీ కొలతలతో పోల్చండి.

మర్నాడు ఆ కుర్రవాడిని పిలిచి ఈ సంగతులన్నీ చెప్పాను. వాడు కాసేపు తల దించుకుని నిలబడ్డాడు. తరువాత నోటుబుక్కు తీసి, టిక్కు పెట్టిన రెండో వాక్యం పక్కన ఇంకొకటి రాశాడు: ‘బట్ ఐ విల్ నాట్ హిట్ ఇట్.’

దానికీ టిక్కు పెట్టాను.