మంట వేగం లెక్క తెలిసినవారికి పని ఎక్కడుంది?

ముడిమ్యాల, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో మెకానికల్, కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్నవారు దహనశాస్త్రాన్ని పరీక్ష గట్టెక్కించే పాఠంగా మాత్రమే చూడటం పొరపాటు. హైదరాబాద్‌లోని బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రం, బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గును గ్యాసుగా మార్చి, దాన్నుంచి రోజుకు 0.25 టన్నుల మిథనాల్ తీసే పైలట్ ప్లాంటును నెలకొల్పింది. 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం బొగ్గు గ్యాసిఫికేషన్ ప్రాజెక్టులకు రూ.8,500 కోట్ల ప్రోత్సాహకాలు ఆమోదించింది. ఈ గ్యాసులో కొంత రసాయనాల తయారీకి పోతుంది. మిగతాదాన్ని బర్నర్లలో, ఇంజిన్లలో, టర్బైన్లలో మండించాలంటే అది ఎలా మండుతుందో ముందే చెప్పగలిగేవారు ఉండాలి.

ఇలా గ్యాసిఫికేషన్‌తో వచ్చే గ్యాసునే సిన్‌గ్యాస్ అంటారు. అందులో మండేవి ప్రధానంగా హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్. గాలితో గ్యాసిఫికేషన్ చేస్తే నైట్రోజన్ కూడా పెద్ద మొత్తంలో చేరుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎలాగూ ఉంటుంది. పత్తి కట్టె, వరి పొట్టు లాంటి వాటి నుంచి వచ్చే ప్రొడ్యూసర్ గ్యాస్‌లో దాదాపు సగం నైట్రోజనే. సుడులు లేని ప్రశాంత ప్రవాహంలో మంట, ఇంకా మండని మిశ్రమంలోకి దూసుకెళ్లే వేగమే లామినార్ బర్నింగ్ వెలాసిటీ. సాధారణ పరిస్థితుల్లో మీథేన్–గాలి మిశ్రమానికి ఇది గరిష్ఠంగా సెకనుకు 40 సెంటీమీటర్లకు దగ్గర. హైడ్రోజన్‌కు 3 మీటర్లకు దగ్గర. కాబట్టి గ్యాసులో హైడ్రోజన్ పెరిగితే మంట వెనక్కి, బర్నర్‌లోపలికి పాకే ప్రమాదం ఉంది. నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే మంట నిలవలేక ఎగిరిపోతుంది. ఒకే పరిమాణంలో కలిపినా నైట్రోజన్ కంటే కార్బన్ డయాక్సైడే మంటను ఎక్కువ మందగింపజేస్తుంది. అది ఎక్కువ వేడిని పీల్చుకోవడమే కాదు, మంటను నడిపించే హైడ్రోజన్ పరమాణువులతో చర్య జరిపి వాటిని తగ్గిస్తుంది కూడా. బొగ్గు మారినా, తేమ మారినా గ్యాసు కూర్పు మారుతుంది. అందుకే ఒక ఇంధనానికి సరిపోయిన బర్నర్ మరోదానికి సరిపోతుందన్న హామీ లేదు.

సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదంతా ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ రంగంలో ఖాళీలు తక్కువ, అవీ చాలావరకు ఎంటెక్, పీహెచ్‌డీ చేసినవారికే దక్కుతాయి. కానీ ఈ పని సగం కంప్యూటర్ మీదే సాగుతుంది. ఉచితంగా దొరికే కాంటెరా అనే దహన గణన సాఫ్ట్‌వేర్‌ను పైథాన్‌తో నడిపి మంట వేగాన్ని లెక్కగట్టడం నేర్చుకుంటే, ఆ ప్రోగ్రామింగ్ నైపుణ్యం ఇతర ఉద్యోగాలకూ పనికొస్తుంది. సౌరవిద్యుత్ వచ్చాక మంటలతో పనేముంటుందన్నది మరో అభ్యంతరం. ఉక్కు, సిమెంటు కొలిమిలకు అధిక ఉష్ణోగ్రతలు ఇంకా కావాలి. రేపు టర్బైన్లలో హైడ్రోజన్ కలిపి మండించినా ఎదురయ్యేది ఈ వేగం సమస్యే.

అందుకని మూడో ఏడాదిలోనే ఎన్‌పీటీఈఎల్‌లో దహనశాస్త్రం కోర్సు వినండి. చివరి ఏడాది ప్రాజెక్టుకు నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ శాతాలు మారుస్తూ సిన్‌గ్యాస్ మంట వేగాన్ని లెక్కించి, ప్రచురితమైన కొలతలతో పోల్చండి. గేట్ రాసి ఐఐటీ హైదరాబాద్‌కో, దహన పరిశోధనకు ప్రత్యేక జాతీయ కేంద్రం ఉన్న ఐఐటీ మద్రాస్‌కో దరఖాస్తు చేసేటప్పుడు ఆ ప్రాజెక్టు నివేదికను తప్పకుండా వెంట తీసుకెళ్లండి.