తుప్పు పట్టిన క్లచ్ నట్టును విప్పడం ఎలా?

మన సైన్సు పుస్తకంలో తుప్పు గురించి, బలం గురించి చదువుకున్నాం. అవి మోటారు సైకిల్ దగ్గర ఎట్ల పనికొస్తాయో ఈ వ్యాసంలో రాస్తున్నాను. మా దాదా, అంటే మా పెద్దన్న, సికింద్రాబాద్‌లో ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. రాణీగంజ్‌లో బండ్ల సామాన్లు, పానాలు, నట్లు, బోల్టులు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. దసరా సెలవుల్లో పోయినప్పుడు అక్కడ చూసి, అడిగి, నేర్చుకున్నవే ఇవి.

క్లచ్ అంటే ఏమిటి?

ఇంజను బలాన్ని గేర్లకు కలిపేది, విడదీసేది క్లచ్. లోపల పలకలు ఒకదానికొకటి అదిమి ఉంటాయి. ఎడమ చేతి లీవరు నొక్కితే తీగ లాగుతుంది, పలకలు విడిపోతాయి. లీవరు చివర కొంచెం వదులు ఉండాలి. స్ప్లెండర్ వంటి చిన్న బండ్లకు ఇది సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్లు. వదులు అసలే లేకపోతే పలకలు జారి కాలిపోతాయి. ఇంజను అరుస్తది కానీ బండి ఎక్కదు. వదులు ఎక్కువైతే గేరు పడదు.

మా గూడెంలో జ్వరం వచ్చిన మనిషిని బండి మీదనే ఘాట్ ఎక్కించి దవాఖానకు తీసుకపోతాం. సగం గుట్టలో క్లచ్ జారితే ఏం గతి? దగ్గరలో షెడ్డు ఉండదు. అందుకే ఇది అందరికీ తెలియాలి.

నట్టు ఎందుకు బిగుసుకుంటుంది?

వదులు సరిచేసే మర లీవరు దగ్గర ఒకటి, కింద ఇంజను దగ్గర ఒకటి ఉంటుంది. మర కదలకుండా లాక్ నట్టు పట్టుకుంటుంది. కింది నట్టుకు వానాకాలం బురద, నీళ్లు తగులుతాయి. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది మరల సందులో నిండి నట్టును పట్టేస్తుంది.

విప్పే పద్ధతి

1. బండి ఆపి, ఇంజను చల్లారనివ్వాలి. పాత బ్రష్షుతో బురద, తుప్పు గీకాలి.

2. నట్టు అంచున గ్యాస్ నూనె (కిరోసిన్) చుక్కలు వేసి ఆగాలి. దీపం వత్తి నూనెను పీల్చినట్టే సన్నని సందు కూడా నూనెను లోపలికి పీలుస్తుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. మొండిదైతే రాత్రంతా వదిలేయాలి. షెడ్డుల్లో డబ్ల్యూడీ-40 కూడా కొడతారు. అది 1953లో అమెరికాలో తయారైంది. 40వ ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఆ పేరు.

3. చిన్న సుత్తితో నట్టు మీద మెల్లగా తట్టాలి. అదురుకు తుప్పు పగిలి, నూనెకు దారి దొరుకుతుంది.

4. సరిగ్గా పట్టే పానా పెట్టాలి. మామూలు పానా రెండు పక్కలనే పట్టుకుంటుంది. రింగు పానా ఆరు మూలలనూ పట్టుకుంటుంది. తీగ అడ్డం ఉండి రింగు దూరకపోతే మామూలుదే వాడాలి, కానీ వదులుగా ఉండకూడదు. పాత బుల్లెట్ బండ్ల నట్లు అంగుళాల కొలతవి. వాటికి మిల్లీమీటర్ల పానా పెడితే మూలలు అరిగిపోతాయి.

5. మరను ఒక పానాతో పట్టుకొని, లాక్ నట్టును ఇంకో పానాతో తిప్పాలి. మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. అట్ల ముందుకు వెనక్కు చేస్తే తుప్పు పొడి అయి రాలుతుంది.

6. వదులు సరిచేసి, మరలకు గ్రీజు రాసి, లాక్ నట్టు మళ్లీ బిగించాలి. గ్రీజు ఉంటే నీరు చేరదు.

బలం లెక్క

10 సెంటీమీటర్ల పానాకు 20 కిలోల బలం కావాలంటే, 20 సెంటీమీటర్ల పానాకు 10 కిలోలు చాలు. అట్లని పానాకు పొడుగు పైపు తొడగొద్దు. ఒకాయన ఇంటి దగ్గర అట్లనే చేసి, మర విరగ్గొట్టుకొని షెడ్డుకు వచ్చాడు. తీగ మొత్తం మార్చాల్సి వచ్చింది. అప్పుడు మా దాదా అన్నాడు: "నూనెకు టైమియ్యాలె చెల్లె. నట్టుతోని కొట్లాడొద్దు."

జాగ్రత్తలు

నట్టును వేడి చేస్తే వ్యాకోచించి వదులవుతుంది. కానీ పెట్రోలు, గ్యాస్ నూనె దగ్గర నిప్పు పెట్టరాదు. ఆ పని షెడ్డు వాళ్లకే వదిలేయాలి.

మన ట్రంకు పెట్టెల గొళ్లేలు కూడా వానాకాలం బిగుసుకుంటాయి. రాయితో కొట్టకండి. కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేసి, రేపటి దాకా ఆగండి.

ప్రశ్నలు

1. తుప్పు పడితే నట్టు ఎందుకు బిగుసుకుంటుంది?
2. రింగు పానా ఎందుకు మంచిది?
3. 40 సెంటీమీటర్ల పానా అయితే ఎంత బలం చాలు?

జవాబులు రాసి నాకు ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని