మన చిగురు రంగు ఎందుకు మారింది?



మన వంటశాల వెనక సిమెంటు తొట్టిలో ఉండే తాబేలు చిగురు మీ అందరికీ తెలిసినదే. 2023 జూన్‌లో పాత విద్యార్థి అన్నయ్య ఒకాయన విశాఖపట్నంలో రంగు చేపలమ్మే దుకాణంలో కొని తెచ్చి ఇచ్చారు. అప్పుడది పది రూపాయల బిళ్ళ కన్నా కొంచెం పెద్దది. లేత అరిటాకు రంగులో ఉండేది, అందుకే చిగురు అని పేరు పెట్టాము. చెవుల దగ్గర ఎర్రని చార ఉంటుంది కనుక ఈ జాతిని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దీని సొంత ఊరు అమెరికాలోని మిసిసిపీ నది లోయ.

పోయిన చలికాలంలో దీని రంగు మారిపోయింది. డిప్ప నల్లబడింది. వీపు మీద రెండు పలకలు తెల్లగా పాలిపోయాయి. మెడ దగ్గర తెల్లటి పొర లేచింది. "ఒరే, దీనికి ఏటైంది?" అని అందరూ గుమిగూడారు. ఒకడు బొల్లి అన్నాడు, ఒకడు గజ్జి అన్నాడు. బూడిద పెట్టి తోమితే పోతుందని ఇంకొకడు. ఆ మాట విని తోమింది నేనే. కొబ్బరి పీచుతో బాగా రుద్దాను. ఒక పలక అంచు లేచి ఉంటే గోరుతో పట్టి లాగేశాను. పలక వచ్చింది, దాని కింద నుంచి రక్తం కూడా వచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు సైన్సు మాస్టారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. "నీ గోరు సగం లేస్తే లాగుతావా?" అని మాత్రం అడిగారు. తాబేలు పలక మీది పొర, మన గోరు రెండూ కెరటిన్ అనే పదార్థంతోనే తయారవుతాయట. దాని కింద ఎముక ఉంటుంది, ఎముకకి ప్రాణం ఉంటుంది. డిప్ప అంటే పెట్టె అనుకుంటాం గానీ అది తాబేలు ఒంట్లో భాగమే.

ఆయన దగ్గర తెలుసుకున్నవి రాస్తున్నాను. ఈ జాతి పిల్లప్పుడు పచ్చగా ఉండి పెరిగేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతుంది. ముసలి మగవి బాగా నల్లబడతాయి, ఎర్ర చార కూడా మసకబారుతుంది. అది జబ్బు కాదు. ఇంకో వింత ఉంది. ఈ తాబేళ్లను నల్లని అడుగు మీద కొన్నిటిని, తెల్లని అడుగు మీద కొన్నిటిని నెలల తరబడి పెంచి చూశారట శాస్త్రవేత్తలు. నల్లని దాని మీద పెరిగినవి ముదురు రంగుకి, తెల్లని దాని మీదవి లేత రంగుకి వచ్చాయి. చర్మంలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థమే దీనికి కారణం. ఊసరవెల్లిలా నిమిషాల్లో మారదు, మెల్లగా మారుతుంది. మన తొట్టి అడుగు నాచు పట్టి కాటుకలా ఉన్నది చూశారు కదా!

మెడ మీది తెల్ల పొర కుబుసం లాంటిదే. పాముకి ఒకేసారి ఊడుతుంది, తాబేలుకి ముక్కలు ముక్కలుగా ఊడి నీళ్ళలో తేలుతుంది. పలకలు కూడా అంతే. పాత పొర కింద గాలి చేరితే తెల్లగా కనబడుతుంది, తరువాత దానంతట అదే రాలుతుంది. తడి ఆరాక తెల్లగా కనబడి, తడిపితే మాయమయ్యే మరకైతే అది నీళ్ళలోని సున్నం. వేడినీళ్ళు కాచే గిన్నెకి పడుతుందే, అదే. పచ్చని జిగురు అయితే నాచు, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

మరి భయపడవలసినది ఏది? దూదిలాగా తెల్లగా లేచిన మచ్చ బూజు కావచ్చు. డిప్ప ఒకచోట మెత్తబడి గుంటపడి కుళ్ళు వాసన వస్తే డిప్ప కుళ్ళుతోందన్న మాట. కింది డిప్ప ఎర్రబారితే రక్తంలో విషం చేరి ఉండవచ్చు, ఆ రోజే పశువుల డాక్టరుకి చూపించాలి. కనుక రంగు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు. ముట్టి చూడాలి, వాసన చూడాలి, తింటోందా లేదా చూడాలి.

చిగురుకి జబ్బు లేదు. దెబ్బ నేను చేసినదే. పశువుల డాక్టరు గారు పుండుకి నీళ్ళు కలిపిన పోవిడోన్ అయోడిన్ రాయమన్నారు. రాశాక కొన్ని గంటలు పొడిగా ఉంచి తరువాత నీళ్ళలో వదలమన్నారు. ఎండ లేదని కూడా ఆయనే పట్టుకున్నారు. తొట్టి రేకు కింద ఉంది. చలికి మేము దాన్ని గది కిటికీలో అద్దం వెనక పెట్టేవాళ్ళం, ఎండ తగులుతోంది కదా అని. ఎండలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు అద్దంలోంచి రావట! ఆ విటమిన్ లేకపోతే కాల్షియం పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. మనం వేసే అన్నం మెతుకుల్లో కాల్షియం కూడా బాగా తక్కువ. ఇప్పుడు తోటకూర, వానపాములు వేస్తున్నాము.

దీన్ని గెడ్డలో వదిలేద్దామని కొందరన్నారు. అది తప్పు. ప్రపంచంలో బాగా చెరుపు చేసే 100 పరాయి జాతుల జాబితాలో ఇది ఉంది. మన గెడ్డ తాబేళ్ల తిండి, ఎండకాగే చోటు ఇదే లాక్కుంటుంది. అలాగని గెడ్డలోంచో పొలంలోంచో తాబేలుని పట్టి తెచ్చి దీనికి జతగా పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

పుండు ఎండింది. అక్కడ ఇంకా తెల్లని గుంట ఉన్నది, పూడడానికి నెలలు పడుతుందట. నేను లాగిన పలక, తరువాత దానంతట అది రాలిన పలక రెండూ ల్యాబులో అగ్గిపెట్టెలో దాచాను. రాలినది ఉల్లిపొరలా పలచగా, అవతలి వేలు కనబడేలా ఉంటుంది. నేను లాగినది మందంగా ఉండి ఒక అంచున నల్లగా రక్తం ఎండి ఉంది. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక వస్తే చూపిస్తాను. చిగురుని ముట్టుకున్నవాళ్ళు మాత్రం సబ్బుతో చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళండి. తాబేళ్ల మీద సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉంటుంది. దాని వల్లనే అమెరికాలో 1975లో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకం నిషేధించారు.

ఈ వారం చిగురుని ఎండలో పెట్టే వంతు 3వ గదిది.

— 9వ తరగతి విద్యార్థి