కంచం దాకా వెళ్లి చూడు

హబ్సిగూడ

చిరంజీవి సౌజన్యకు,

‘ఫ్యామిలీస్, సిస్టమ్స్ అండ్ హెల్త్’ పత్రిక చదవమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. అది పుట్టిన కారణం నుంచి మొదలుపెట్టు. 1977లో జార్జ్ ఎంగెల్ ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. జబ్బును శరీరంలో మాత్రమే వెతికితే చాలదు, రోగి మనసూ చుట్టూ ఉన్న మనుషులూ లెక్కలోకి రావాలన్నాడు. అలా ఆలోచించే డాక్టర్లు ఒకవైపు, కుటుంబ చికిత్స చేసేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరినీ కలపాలని డొనాల్డ్ బ్లాక్ అనే మానసిక వైద్యుడు 1983లో అమెరికాలో ‘ఫ్యామిలీ సిస్టమ్స్ మెడిసిన్’ స్థాపించాడు. 1996లో దానికి ఇప్పుడున్న పేరు వచ్చింది.

ఇంటాయనకు షుగర్ అనుకో. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని డాక్టరు చెబుతాడు. రొట్టె చేసేది ఎవరు? పిల్లలకు అన్నం వండాక మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఆ ఇల్లాలికి ఉందా? డాక్టరు చీటీ మీద ఈ ప్రశ్నలకు చోటుండదు. వాటికి చోటివ్వడానికే ఆ పత్రిక పుట్టింది.

అది చదువుతూనే, ఇళ్లలో ఎంత తింటున్నారో కొలిచే మన తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ పనినీ పట్టించుకో. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1972లో అక్కడ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఏర్పడ్డాక సర్వే బృందాలు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగాయి. పొయ్యి వెలిగించకముందే బియ్యం, పప్పు, నూనె తూకం వేయడం వాళ్ల పద్ధతి.

నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది ఆ తూకం తర్వాత. కూర్చుని పనిచేసే మగవాడి తిండి అవసరాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని మిగతావాళ్ల అవసరాన్ని దానితో పోలుస్తారు. బరువు పని చేసే మగవాడికి 1.6, అలాంటి పనే చేసే ఆడమనిషికి 1.2, రెండేళ్ల బిడ్డకు 0.4. ఈ ముగ్గురే ఉన్న ఇంటికి మొత్తం 3.2. ఆ ఇంట్లో రోజుకు 1600 గ్రాముల బియ్యం వండితే యూనిట్‌కు 500. కాగితం మీద భార్యకు 600, బిడ్డకు 200 గ్రాములు అందినట్టే. నిజంగా అందాయా? గిన్నె తూకం ఆ సంగతి చెప్పదు. ఇల్లంతా బాగానే తిన్నట్టు కనిపించే లెక్కలో ఆకలితో పడుకున్న ఆడమనిషి మాయమైపోతుంది. అందుకే ఆ సంస్థవాళ్లు కొలత కప్పులు ముందు పెట్టి, నిన్నంతా ఏం తిన్నారని ఒక్కొక్కరినీ విడిగా కూడా అడుగుతారు. నా మటుకు నాకు ఆ రెండో లెక్క మీదే నమ్మకం ఎక్కువ.

నువ్వు ఇళ్లకు వెళ్లినప్పుడు చివర కూర్చుని తినే మనిషిని కనిపెట్టు. ఆవిడతో నలుగురి ముందు మాట్లాడకు, “అందరం సమానంగా తింటాం” అనేస్తుంది. గిన్నెలు కడిగేచోట పక్కన కూర్చుని, పిల్లల కంచాల్లో మిగిలింది ఎవరు తిన్నారో, కూర అయిపోతే దేంతో సరిపెట్టుకుందో అడుగు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాసుకో, గ్రాముల్లోకి తర్వాత మార్చవచ్చు.

మీ పెద్దమ్మ